నీరు పల్లమెరుగు

నీరు పల్లమెరుగునని పెద్దల మాట. ఒక దేశపు నదులను తెలుసుకోదలచినవారు ముందుగా ఆ దేశపు నేలవాలును తెలుసుకోవాలని ఈ సామెతలోని అంతరార్థం. పడమటి కనుమలలో పుట్టిన కృష్ణా గోదావరులు తూర్పు సముద్రాన్ని చేరుతున్నాయంటే, దక్కను పీఠభూమి తూర్పునకు వాలి ఉండటమే అందుకు కారణం. ఈ సత్యాన్ని బృహత్పరిమాణంలో దర్శించాలంటే రష్యా దేశపటాన్ని చూడాలి.

వైశాల్యంలో రష్యా ప్రపంచంలో అన్నింటికంటె పెద్ద దేశం. దాని విస్తీర్ణం 170 లక్షల చదరపు కిలోమీటర్లకు పైమాటే. ఉత్తర దక్షిణాలుగా సాగిన యూరల్ పర్వతశ్రేణి ఈ దేశంలోని ఐరోపా భాగాన్నీ ఆసియా భాగాన్నీ వేరు చేస్తున్నది. పర్వతాలన్న పేరే గాని, వాటి అత్యున్నత శిఖరమైనా 1,900 మీటర్లను అందుకోదు. వాటికి పడమట ఐరోపా మైదానం, తూర్పున పశ్చిమ సైబీరియా మైదానం ఉన్నాయి. యెనిసీ నదిని దాటిన పిమ్మట మధ్య సైబీరియా పీఠభూమి మొదలవుతుంది. దక్షిణాన ఆల్టాయ్, సయాన్ పర్వతాలు కోటగోడలవలె నిలిచి ఉన్నాయి.

పడమటి మైదానానికి జీవనాడి వోల్గా నది. అది సముద్రమట్టానికి 228 మీటర్ల ఎత్తున, వాల్దాయ్ గుట్టలలో పుట్టి, 3,530 కిలోమీటర్లు ప్రవహించి కాస్పియన్‌లో కలుస్తుంది. ఇంత దూరానికి ఇంత స్వల్పమైన వాలు కనుకనే వోల్గాది మందగమనం. కాస్పియన్‌కు సముద్రమని పేరున్నా, మహాసముద్రాలతో దానికి సంబంధం లేదు. దాని నీటిమట్టం మహాసముద్రాల మట్టానికి 28 మీటర్లకు పైగా దిగువన ఉంటుంది. అక్కడికి చేరిన నీటికి ఆవిరి కావడం తప్ప వేరు దారి లేదు.

సైబీరియా నదుల తీరు వేరు. దక్షిణం మెట్ట, ఉత్తరం పల్లం కావటంచేత ఓబ్, యెనిసీ, లేనా నదులు ఉత్తరాభిముఖంగా ప్రవహించి ఆర్కిటిక్ మహాసముద్రాన్ని చేరుతాయి. ఈ దిశలోనే ఒక ఉపద్రవం పొంచి ఉన్నది. వసంతం రాగానే దక్షిణాన ఎగువభాగం ముందుగా కరుగుతుంది. ఉత్తరాన దిగువభాగం ఇంకా గడ్డకట్టే ఉంటుంది. కొట్టుకువచ్చిన మంచుపలకలు మధ్యలో చిక్కుకొని ఆనకట్టగా ఏర్పడగా, వెనుకనున్న నీరు ఊళ్లను ముంచెత్తుతుంది. 2001 మే నెలలో లేనా తీరాన ఉన్న లెన్‌స్క్ పట్టణం ఈ విధంగానే మునిగింది. ఆ మంచు అడ్డును ఛేదించడానికి విమానాలనుండి బాంబులు వేయవలసి వచ్చింది.

దక్షిణ సైబీరియాలో భూమి చీలిన చోట బైకాల్ సరస్సు ఏర్పడింది. దాని పొడవు 636 కిలోమీటర్లు. లోతు 1,642 మీటర్లు. ప్రపంచంలో ఇంత లోతైన సరస్సు మరొకటి లేదు. భూతలంపై గడ్డకట్టని మంచినీటిలో దాదాపు అయిదవ వంతు ఇందులోనే ఉన్నది. మూడువందలకు పైగా నదులూ వాగులూ దీనిలో కలుస్తుండగా, వెలువడేది అంగారా ఒక్కటే. ఆ అంగారాపై నిర్మించే ఆనకట్టవల్ల మునిగిపోనున్న ఒక పల్లె వేదనను వలెంతీన్ రస్పూతిన్ 1976లో ‘మత్యోరాకు వీడ్కోలు’ అన్న నవలలో చిత్రించాడు. ముంపు గ్రామాల వ్యథ తెలిసిన తెలుగువారికి ఆ దుఃఖం పరాయిది కాదు.

ఉత్తరానికి పోయే నీరు వృథా అని సోవియట్ ప్రణాళికాకర్తలు తలచారు. మధ్య ఆసియాలో పత్తిసాగుకోసం అము దర్యా, సిర్ దర్యా నదులను మళ్లించగా, 1960 తరువాత అరల్ సముద్రం ఎండిపోసాగింది. ఆ లోటును తీర్చుటకు ఓబ్, ఇర్తిష్ నదుల నీటిలో కొంతభాగాన్ని రెండువేల కిలోమీటర్లకు పైబడిన కాలువద్వారా దక్షిణానికి మళ్లించాలని సంకల్పించారు. ఒక తప్పును దిద్దబోయి మరొక తప్పు చేయరాదని శాస్త్రజ్ఞులు హెచ్చరించారు. రస్పూతిన్, సెర్గేయ్ జలీగిన్ వంటి రచయితలు గొంతు కలిపారు. 1986 ఆగస్టులో ప్రభుత్వం ఆ పథకాన్ని విరమించింది.

సముద్రంలో కలిసే నీరంతా వృథా కాదు. దారిపొడవునా అది చేపలను, చిత్తడి నేలలను, తీరవాసులను పోషిస్తూనే పోతుంది. అట్లని దప్పిగొన్న పొలానికి నీరు అక్కరలేదనీ కాదు. నదిని మళ్లించదలచినవారు నేల చెప్పే మాటను ముందుగా వినాలి. నీరు పల్లమెరుగును, ఆ పల్లాన్ని మనిషి కూడా ఎరగాలి.

కఠిన పదాలకు అర్థాలు
మందగమనం = నెమ్మదైన నడక
ఉపద్రవం = ఆపద
మెట్ట = ఎత్తైన నేల
దప్పిగొన్న = దాహం వేసిన

ప్రశ్నలు
1. సైబీరియా నదులలో వసంతకాలపు వరదలకు కారణమేమి?
2. కాస్పియన్, బైకాల్‌ల మధ్య గల భేదాలను తెలుపండి.
3. ‘సముద్రంలో కలిసే నీరంతా వృథా కాదు’ – మీ ప్రాంతపు నదినిగాని చెరువునుగాని ఉదాహరణగా తీసుకొని చర్చించండి.