స్కోర్‌షీట్‌లో తాలు

గుంటూరు మాది. చెస్ గ్రాండ్‌మాస్టర్లు పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక పుట్టిన ఊరు. నేను వాళ్ల అంతటివాణ్ని కాను. నలభై ఏళ్లు చుట్టుపక్కల పోటీల్లో ఆడాను, గెలిచినదానికంటే ఓడిందే ఎక్కువ. కొత్తగా పోటీలకు వెళ్లే పిల్లలకు నాలుగు ముక్కలు చెబుతాను.

1. ఓడిన పూటే గేమ్ తిరగెయ్యొద్దు. ఆ పూట తోచేవన్నీ సాకులే. ఒక్క ఓటమితో అంతా అయిపోదు. 2024లో న్యూయార్క్ ప్రపంచ ర్యాపిడ్‌లో కోనేరు హంపి మొదటి రౌండే ఓడింది. పదకొండు రౌండ్లయ్యేసరికి 8.5 పాయింట్లతో టైటిల్ ఆవిడదే.

2. ఓపెనింగ్‌ని తిట్టొద్దు. ఒకసారి ఒంగోలులో నల్లపావులతో ఫ్రెంచ్ డిఫెన్స్ ఆడి ఓడాను. ఇది అచ్చిరాదనుకుని సిసిలియన్ పట్టుకున్నాను. ఏళ్ల తర్వాత ట్రంకుపెట్టెలో ఆ స్కోర్‌షీట్ దొరికింది. బోర్డు పరిచి చూస్తే ఇరవై ఎత్తుల దాకా నాకు లోటేమీ లేదు. ఆ తర్వాత భయపడి, బాగున్న ఏనుగుని వెనక్కి లాక్కుని రాజు పక్కన కాపలా పెట్టాను. మిర్చి రైతులు అన్నట్టు, విత్తనం మంచిదే, కాయ దశలో పురుగుని చూసుకోలేదు!

సింగపూర్‌లో గుకేశ్ ఏం చేశాడో చూడండి. 2024 ప్రపంచ టైటిల్ పోరు మొదటి గేమ్‌లో తెల్లపావులతో ఆడుతూ డింగ్ లిరెన్ ఫ్రెంచ్‌కి ఓడాడు. అయిదో గేమ్‌లో మళ్లీ రాజు ముందు బంటునే రెండు గళ్లు జరిపాడు, మళ్లీ ఫ్రెంచే వచ్చింది. ఈసారి బంట్లు మార్చుకునే దారి పట్టి డ్రా చేశాడు. ఓపెనింగ్ వదల్లేదు, కొమ్మ మార్చాడంతే. అతని సహాయక బృందంలో మన హరికృష్ణ ఉన్నాడని వేరే చెప్పాలా?

3. కంప్యూటర్ ఇంజిన్ చివర్న. మిర్చి కల్లంలో తాలుకాయలు చేత్తోనే ఏరతారు కదా, ఇదీ అంతే. ముందు స్కోర్‌షీట్ పక్కన నీ మాటల్లో రాసుకో: ఇక్కడ ఏం అనుకున్నాను, దేనికి జంకాను, ఎంతసేపు ఆలోచించాను. ఇంజిన్ అంకె చెబుతుంది, నువ్వెందుకు జంకావో దానికేం తెలుసు?

4. గెలిచిన గేమూ చూడు. అందులోనే తాలెక్కువ.

5. చివరి ఎత్తు దాకా చూడు. సింగపూర్‌లో ఆఖరి పద్నాలుగో గేమ్ డ్రా అయ్యేలాగే సాగింది. 55వ ఎత్తులో డింగ్ ఏనుగుని తప్పు గడిలో పెట్టాడు. ఏనుగులూ బిషప్‌లూ మార్చుకోక తప్పని పరిస్థితి, మిగిలిన బంట్ల ఆట గుకేశ్‌ది. పద్దెనిమిదేళ్లకే ప్రపంచ ఛాంపియన్.

తల్లిదండ్రులకు ఒక్కమాట: ఇల్లు సర్దేటప్పుడు పిల్లల స్కోర్‌షీట్లు పాత పేపర్లవాడికి వెయ్యకండి.