మీ ఫోనుకీ ఓ చిరునామా

ఇంట్లో వైఫైకి కలిపిన ఫోనులో సెట్టింగ్స్ తెరిచి, ఆ వైఫై వివరాలు చూడండి. 192.168.1.5 వంటి సంఖ్య కనబడుతుంది. అదే ఐ.పి. అడ్రసు. వింతేమిటంటే, పక్కింటి ఫోనుకీ సరిగ్గా ఇదే సంఖ్య ఉండవచ్చు! మరి వాళ్లు అడిగిన వీడియో మీకు రాదేం?

1981లో ఈ అడ్రసుకు నిర్ణయించినవి 32 బిట్లే. 2ను 32 సార్లు వేసి గుణిస్తే దాదాపు 430 కోట్లు. మనుషులకే చాలవు! అందుకని 192.168తో మొదలయ్యేవి ఎవరింట్లో వారు వాడుకోవచ్చునన్నారు. అవి హాస్టలు గది నంబర్ల వంటివి. గేటు దాటితే చెల్లవు. గేటు దగ్గర కాపలా రూటరుది. మీరు అడిగినదానిపై తన అడ్రసు వేసి బయటికి పంపుతుంది. అడిగిన ఫోనేదో పట్టికలో రాసుకుంటుంది. జవాబు రాగానే పట్టిక చూసి అందిస్తుంది. రూటరుకు కరెంటు పోయిందా, పట్టిక చెరిగిపోయినట్టే.

అదే తెరమీద అక్షరాలు కలిసిన పొడుగాటి అడ్రసు కూడా ఉంటే, అది 128 బిట్ల కొత్తరకం. దానికి ఈ కరువు లేదు.