లొంబార్డి తొలి సీజన్: 1959 గ్రీన్ బే ప్యాకర్స్

అమెరికన్ ఫుట్‌బాల్‌లో సూపర్ బౌల్ విజేతకిచ్చే ట్రోఫీ ఎవరి పేరున ఉంది? విన్స్ లొంబార్డి. చాలామంది పేరు గుర్తుపెట్టుకుంటారు గానీ, దాని వెనకున్న సీజన్‌ను వదిలేస్తారు. అసలు తెలుసుకోవాల్సింది అదే.

విస్కాన్సిన్ రాష్ట్రానికి చెందిన గ్రీన్ బే ప్యాకర్స్ జట్టు 1958లో 12 మ్యాచ్‌లాడి ఒక్కటే గెలిచింది. 10 ఓడింది, ఒకటి టై. న్యూయార్క్ జెయింట్స్‌లో సహాయ కోచ్‌గా ఉన్న లొంబార్డి 1959లో ప్యాకర్స్ హెడ్ కోచ్‌గా, జనరల్ మేనేజర్‌గా పగ్గాలు అందుకున్నారు. తొలి మ్యాచ్‌లోనే షికాగో బేర్స్‌పై 9-6తో గెలుపు. వరసగా మూడు గెలిచాక ఐదు ఓటములు! అయినా జట్టు చెదరలేదు. చివరి నాలుగూ గెలిచి 7-5తో ముగించింది. నా దృష్టిలో, తర్వాతి టైటిళ్లకన్నా ఈ నిలదొక్కుకోవడమే గొప్పది.

ఆయన హయాంలో ప్యాకర్స్ గెలిచిన ఎన్‌ఎఫ్‌ఎల్ (నేషనల్ ఫుట్‌బాల్ లీగ్) టైటిళ్లు: 1961, 1962, 1965, 1966, 1967. మొదటి రెండు సూపర్ బౌల్స్ విజేత కూడా ప్యాకర్సే.