యుద్ధవార్త విన్న గర్భవతి
పాఠభాగము: 1 సమూయేలు 4:19–22



ఫీనెహాసు భార్య నిండు గర్భిణి. మందసము పట్టబడెననియు, మామయు భర్తయు చనిపోయిరనియు విన్నంతనే ఆమెకు నొప్పులు వచ్చెను. ప్రక్కనున్న స్త్రీలు కుమారుడు పుట్టెనని ధైర్యము చెప్పిరి. ఆమె బదులు పలుకలేదు. వారి మాట దయగలదే. గాని ఆమె మనస్సులో నేమున్నదో ఎవరును అడిగినట్లు వాక్యములో లేదు.

ఇట్టి ఇల్లు మనకు దూరము కాదు. తాడేపల్లిగూడెము దగ్గరి మాధవరమును మిలటరీ మాధవరమని పిలుతురు. మొదటి ప్రపంచ యుద్ధము నాటినుండి అక్కడి కుటుంబములు బిడ్డలను సైన్యమునకు పంపుచున్నవి. భర్త సరిహద్దు కొండలలో, భార్య అత్తవారింట. గర్భమువలన కష్టము వచ్చినప్పుడు, "మీ ఆయన సంతకము ఏది?" అని ఆసుపత్రిలో అడుగుదురేమో యని భయపడి ఆమె వారములు గడుపును. ఆ ఆలస్యమే ప్రమాదము.

కనుక చట్టమును సరిగా తెలిసికొందము. గర్భవిచ్ఛిత్తి చట్టము 1971లో వచ్చెను, 2021లో సవరింపబడెను. యానాం పుదుచ్చేరి పాలనలోనిది, చుట్టును ఆంధ్రప్రదేశ్, అయినను చట్టమొక్కటే.

1. పదునెనిమిదేండ్లు నిండి, మతిస్థిమితముగల స్త్రీ సమ్మతి ఒక్కటే చాలును. భర్త సంతకము అక్కరలేదు.

2. ఆమె ప్రాణమునకు ముప్పో, శరీరమునకైనను మనస్సునకైనను గొప్ప హానియో, లేక శిశువునకు తీవ్రమైన లోపమో కలుగునని వైద్యుడు ఎంచవలెను. 20 వారములవరకు ఒక వైద్యుని అభిప్రాయము, 24 వారములవరకు కొందరు స్త్రీలకు ఇద్దరి అభిప్రాయము కావలెను. గర్భముతో నుండగా విధవయైన స్త్రీ ఆ కొందరిలో చేరును.

3. 24 వారములు దాటినచో, శిశువునకు తీవ్రమైన లోపమున్నదని వైద్య మండలి నిర్ణయింపవలెను. తల్లి ప్రాణము తక్షణము కాపాడవలసినప్పుడు వారముల లెక్క లేదు.

4. ఆమె పేరు గోప్యముగా నుంచవలెను.

సైనికుని భార్య తాను కాపురముండు చోటు తానై ఏర్పరచుకొనదు. అమెరికాలో 2022 నాటి సుప్రీంకోర్టు తీర్పు తరువాత ఒక్కొక్క రాష్ట్రమునకు ఒక్కొక్క చట్టమాయెను. వేరు రాష్ట్రమునకు పోవలసిన సైనికులకును వారి కుటుంబములకును అక్కడి రక్షణశాఖ ప్రయాణ ఖర్చులిచ్చెను. 2025 జనవరిలో దానిని రద్దు చేసెను. మన దేశములో భర్తను ఎక్కడికి బదిలీ చేసినను చట్టము మారదు. మారవలసినది మన నాలుక.

జీవము దేవుని వరమని మనము బోధింతుము. ఆ బోధ దుఃఖములోనున్న స్త్రీపై విసరు రాయి కారాదు. ఆమెను నాటుమందులకు, చాటుమాటు చేతులకు వదలినచో ఒక ప్రాణమునకు బదులు రెండు పోవును. మొదట ఆమె మాట విందము. ప్రభుత్వ ఆసుపత్రికి ఆలస్యము చేయక తోడుగా పోదము. ఆమె బిడ్డను కనగోరినచో, పురిటి ఖర్చులోను పెంపకములోను సంఘము పాలు పంచుకొనవలెను. ఆమె సంగతి వీధిలో పెట్టకుందము.

ఆలోచించుడి: మన సంఘములో భర్త దూరమున నున్న స్త్రీ కష్టకాలమున ఎవరి తలుపు తట్టగలదు? అది మన తలుపేనా?