తేదీ లేని ఫొటో సాక్ష్యం చెప్పదు

నల్లగొండ

మేనకోడలికి,

కొల్లేరు మారుతున్న తీరును ఏళ్ల తరబడి ఫొటోలు తీయాలన్న నీ సంకల్పం నాకెంతో నచ్చింది. అయితే ఒక మాట గట్టిగా చెబుతాను బిడ్డా. నిలబడ్డ చోటు, తేదీ, నీటిమట్టం రాసిపెట్టని ఫొటో ఎంత అందంగా ఉన్నా మార్పుకు సాక్ష్యం కాదు. ఇది మన నల్లగొండ, పాలమూరు చెరువులను చూస్తేనే తెలుస్తుంది. వానలు బాగా పడ్డ ఏడు దసరాకు అలుగు దుంకిన చెరువే, ఎండలు ముదిరేసరికి శిఖంలో పశువులు మేసే బీడవుతుంది. ఆ రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి చెరువు చచ్చిపోయిందంటే అబద్ధమే. అదే శిఖంలో మొరం పోసి ప్లాట్ల హద్దురాళ్లు పాతితే అది తిరిగిరాని నష్టం. కాలాన్ని బట్టి వచ్చిపోయే మార్పేదో, శాశ్వతంగా మిగిలే మార్పేదో తేలాలంటే ఒకే చోటి నుంచి, ఒకే నెలలో, ఏటేటా తీసిన వరుస ఉండాలి.

కొల్లేరులో ఈ జాగ్రత్త మరీ అవసరం. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న ఆ సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు నీళ్లు చేరతాయి. ఉప్పుటేరు వాటిని సముద్రంలో కలుపుతుంది. ఎత్తును చూపే కాంటూరు గీతల్లో మూడో కాంటూరు దగ్గర దాని విస్తీర్ణం 135 చదరపు కిలోమీటర్లు, ఐదో కాంటూరుకు 308, పదో కాంటూరుకు 901. నీటిమట్టం చెప్పకుండా కొల్లేరు ఎంత అని అడిగితే జవాబే లేదు. ఐదో కాంటూరు వరకు 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. తర్వాత చాలాచోట్ల మళ్లీ లేచాయి. నీ ఫొటోలో కనిపించే గట్టు కొట్టేయకముందుదో, మళ్లీ లేచిందో తేదీ ఉంటేనే తెలుస్తుంది.

1972 నుంచి ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు ఫొటోలు తీస్తున్నాయి కదా, ఇంకా నా కెమెరా ఎందుకంటావేమో. గట్ల గీతలు పైనుంచి కనిపిస్తాయి, నిజమే. నీటిని కమ్మింది గుర్రపుడెక్కో తుంగో, ఏ కాలువకు ఎంత ఎత్తున మట్టి అడ్డం పడిందో నేలమీద నిలబడ్డవాళ్లే తేల్చాలి. కొల్లేరులోని ఆటపాక దగ్గరి గూడకొంగలను వదిలేసి ఏటా అదే గట్టు తీస్తే ఎవరు చూస్తారన్నది ఇంకో అనుమానం. పక్షులనూ తియ్యి, వాటి కోసమే జనం ఆగి చూస్తారు. కానీ అవే చూపిస్తే సరస్సు పచ్చగా ఉందని భ్రమపడతారు. ఇక చేపల మీద బతికే కుటుంబాలను దోషులుగా నిలబెట్టినట్టవుతుందన్న భయం న్యాయమైనదే. అందుకే మనుషుల ముఖాల మీద కాకుండా గట్టు మీద, నీటి దారి మీద గురిపెట్టు. నీటికి ఏమైందో చూపించు. తప్పెవరిదో ఒక్క ఫొటోతో తేల్చకు.

ఈ పని ఒక్కరి జీవితకాలంలో ముగిసేది కాదు. అమెరికాలో 1870లలో సర్వే కోసం తీసిన ఫొటోల చోట్లను 1977లో మార్క్ క్లెట్ బృందం వెతికి పట్టుకుని, అక్కడి నుంచే మళ్లీ తీసింది. ఆ జోడీల వల్లే నూరేళ్లలో ఏం మారిందో, ఏం మారలేదో తెలిసింది. నువ్వు కూడా చెరగని గుర్తులు ఎంచుకో: వంతెన, గుడి, తూము. ముందు మన ఊరి చెరువు దగ్గర వానాకాలం చివర ఒకసారి, నడి ఎండాకాలంలో ఒకసారి తీసి చెయ్యి అలవాటు చేసుకో. ఫొటోలతో పాటు చోటు, తేదీ, నీటిమట్టం రాసుకున్న నోటుబుక్కు నకలు ఒకటి, ఫొటో తీసిన చోటికి దగ్గరి బడిలో ఇచ్చిరా. నీ తర్వాత వచ్చేవాళ్లు అదే చోట నిలబడగలగాలి.

నీ మేనమామ