ఇంటిపని ఆగకుండా ఇరవై ఒక్క కిలోమీటర్లు

అక్టోబరులో హైదరాబాద్ గచ్చిబౌలిలో గ్రేస్ క్యాన్సర్ ఫౌండేషన్ వాళ్లు పెట్టే పరుగులో 21 కిలోమీటర్లు పూర్తిచేసి విజయనగరం వచ్చానో లేదో, వీధిలో ఎవరు కనిపించినా ఒకటే ప్రశ్న: "ఇల్లు చూసుకుంటూ ఇదంతా ఎలా కుదిరింది వదినా?" ఆ పరుగులో 5, 10 కిలోమీటర్లవీ ఉంటాయి, మీ ఓపికను బట్టి ఎంచుకోండి. నేను చేసి చూసినవే చెబుతున్నాను. పరుగుతోపాటు క్యాన్సర్ రోగులకి చందా కూడా పోగుచేస్తాం కాబట్టి మన మీద ఖర్చు ఎంత తగ్గితే వాళ్లకి అంత మిగులుతుంది, ఆ లెక్కతోనే చదవండి.

1. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు నడిచి వచ్చారా? అయితే 21 అంటే బెంగ అక్కర్లేదు, అక్కణ్ణించి అక్టోబరుకి మూడు నెలలు చేతిలో ఉంటాయి.

2. వట్టికాళ్లతో ప్రదక్షిణ చేసి అరికాళ్లు బొబ్బలెక్కితే, అవి మానేదాకా పరుగు జోలికి పోకండి. వారం ఆగితే పోయేదేమీ లేదు, పుండు ముదిరితే నెల పోతుంది.

3. మొదటి నెల రెండు నిమిషాలు పరుగు, మూడు నిమిషాలు నడక, అంతే. పక్కనున్నావిడతో మాట్లాడుతూ పరిగెత్తగలిగితే వేగం సరిపోయినట్టే; మాట తెగుతుంటే తగ్గించేయండి.

4. కూరలు రాత్రే తరిగి, కుక్కర్ గిన్నెలు తోమి, మరకలున్న బట్టలు నానబెట్టి పడుకోండి. తెల్లారి అయిదింటికి ముప్పావుగంట మీ చేతికొస్తుంది, పిల్లల క్యారేజీలూ ఆలస్యం కావు.

5. విజయనగరంలో అయ్యకోనేరు గట్టు, శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డు చాలు; లారీలు తిరిగే హైవే మీదకి వెళ్లకండి. కళింగపట్నం తీరానికి వెళితే తడిసి గట్టిపడిన ఇసుక మీదే పరిగెత్తండి, మెత్తటి ఇసుకలో చీలమండ మెలిపడుతుంది.

6. డబ్బు పెట్టాల్సింది బూట్ల మీద ఒక్కటే. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి అసలు కొలత తెలుస్తుంది. ముందు బొటనవేలంత ఖాళీ ఉండాలి.

7. వానకి తడిసిన బూట్లలో పాత పేపర్లు ఉండచుట్టి కుక్కి, గంటకోసారి మార్చండి. పొద్దుటికి ఆరిపోతాయి, వాసనా రాదు.

8. తొడలు, చంకలు ఒరుసుకోకుండా బయల్దేరేముందు కొబ్బరినూనె రాసుకోండి. ఇంట్లో ఉన్నదే, పైసా ఖర్చు లేదు.

9. పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర ఊరికే నిలబడకుండా, బళ్లో మాస్టారు వేయించిన గోడకుర్చీ వేయండి, అంట్లు తోముతూ మడమలెత్తి దించండి. మోకాళ్లు గట్టిపడతాయి, జిమ్ము ఫీజు మిగులుతుంది.

10. ఆదివారం ఎక్కువ దూరం, వారానికి ఒక్క కిలోమీటరే పెంచండి, నాలుగో వారం తగ్గించండి. 18 దాకా వచ్చాక ఆపేయండి, మిగతా మూడూ ఆ రోజు జనమే లాక్కెళతారు.

11. పరుగుకి ముందు అరగ్లాసు చోడి అంబలి, మజ్జిగ కలిపి. కడుపు బరువనిపించదు, గంటసేపు ఓపిక నిలుస్తుంది.

12. దారిలోకి లీటరు నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు, నిమ్మరసం పిండుకోండి. చెంచా తలకొట్టి కొలవండి, ఉప్పు ఎక్కువైతే ప్రమాదం.

13. పలాస వెళ్లేవాళ్లుంటే గుండు జీడిపప్పు కాకుండా బద్దలు తెప్పించండి. బలం అదే, ధర తక్కువ. నువ్వుల చిమ్మిలిలో కలిపి ఉండలు చేస్తే ఆదివారాలకి సరిపోతాయి.

14. మొదలుపెట్టేముందు రక్తం శాతం చూపించుకోండి, బీపీ, షుగరు ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగి తీరాలి. ఆయాసానికి కారణం వయసనుకున్నాను, తీరా చూస్తే రక్తం తక్కువ.

15. ఇక చందా. "ఎంతో కొంత ఇవ్వండి" అనకండి, "కిలోమీటరుకి పది రూపాయలు" అనండి. 21 కిలోమీటర్లకి మనిషికి 210, ముప్పైమంది ఇస్తే 6,300.

16. జీతాలొచ్చే మొదటివారంలోనే అడగండి. దసరా, సిరిమాను జాతర రోజుల్లో వద్దు, ఇంటినిండా చుట్టాలతో ఎవరి ఖర్చు వాళ్లకే ఉంటుంది.

17. డబ్బు మీ ఫోనుకి వేయించుకోవద్దు, సంస్థ ఖాతాకే నేరుగా పంపించి రసీదు అడగమనండి. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకి 80జి మినహాయింపుంది, కానీ నగదు 2,000 దాటితే వర్తించదని ముందే చెప్పండి.

18. రైలు టిక్కెట్టు, పరుగు ఫీజు మన జేబులోంచే. నేను పాత పేపర్లు, సీసాలు అమ్మిన డబ్బు విడిగా డబ్బాలో వేశాను, టిక్కెట్టుకి సగం అక్కడే వచ్చింది.

19. "ఎందుకమ్మా ఈ పరుగు?" అని అడిగితే తడుముకోకండి. మా నాయనమ్మ అడ్డపొగ తాగేది, చుట్ట వెలిగించిన వైపు నోట్లో పెట్టుకుని. అంగిట్లో పుండు మేం చూసేసరికి ఆలస్యమైపోయింది. శ్రీకాకుళం జిల్లాలో పదివేలమందికి పైగా పల్లెవాసుల నోళ్లు పరీక్షించి, ఈ అలవాటు అంగిటికి చేసే చేటు మీద 1971లోనే అధ్యయనం అచ్చేశారు. ఈ సంగతి చెబితే ఇవ్వని చెయ్యి లేదు.

20. చందాకి వెళ్లిన ఇంట్లో ముసలమ్మ చుట్ట తాగుతుంటే నోరు తెరిపించి చూడండి. తెల్లమచ్చ, మానని పుండు ఉంటే ఆ వారమే ఆస్పత్రికి పంపండి. 30 దాటినవాళ్లకి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్ష ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం, మీరూ చేయించుకోండి.

21. మన దగ్గరి రోగులకే అందాలనుకునేవాళ్లకి అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. ఇచ్ఛాపురం నుంచి అక్కడికి రెండొందల కిలోమీటర్ల పైమాటే, ఆ దారిఖర్చులే పేదింటిని కుంగదీస్తాయి.

22. పిల్లలు "నీవల్ల కాదమ్మా" అంటే టెర్రీ ఫాక్స్ సంగతి చెప్పండి. క్యాన్సర్‌తో కాలు తీసేసిన ఆ కెనడా కుర్రాడు 1980లో కొయ్యకాలు లాంటి కృత్రిమ కాలితో 143 రోజులు, 5,373 కిలోమీటర్లు పరిగెత్తాడు; మర్నాటి నుంచి మావాడే అలారం పెట్టి లేపాడు.

23. హైదరాబాద్ వెళ్లడానికి విశాఖ, ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లు శ్రీకాకుళం రోడ్, విజయనగరం రెండుచోట్లా ఆగుతాయి, 60 రోజుల ముందే టిక్కెట్టు చేయించండి. ఒకరోజు ముందు దిగి ఇంటి పులిహోరే తినండి. పరుగు రోజున కొత్త బూట్లు, కొత్త తిండి రెండూ వద్దు.

24. తిరిగొచ్చిన వారంలోపు చందా ఇచ్చిన ప్రతి ఇంటికీ వెళ్లి మొత్తం ఎంతయిందో నోటుబుక్కు తీసి చూపించండి. మా వెనకవీధిలో ఇద్దరు ఆ పుస్తకం చూసే, వచ్చే ఏటికి నాతో వస్తామని పేర్లు రాయించుకున్నారు.