గ్రాఫిక్స్ కార్డుతో వీడియో మార్పిడి

ప్రశ్న: పాత పెళ్లి వీడియోలను హెచ్.265లోకి మారుస్తుంటే గంటల తరబడి పడుతోంది. గ్రాఫిక్స్ కార్డుకు అప్పగిస్తే నాణ్యత పోతుందా?

జవాబు: వేగం మాత్రం నిజం. 2011లో ఇంటెల్ క్విక్ సింక్, 2012లో ఎన్విడియా ఎన్‌వెంక్ వచ్చినప్పటి నుంచి చిప్‌లో కొంత భాగం కేవలం ఎన్‌కోడింగ్ కోసమే ఉంటోంది. ఫ్రేముల మధ్య కదలికను పట్టుకునే పని ఆ సర్క్యూటే చూసుకుంటుంది, ప్రాసెసర్‌కు భారం తగ్గుతుంది. అయితే అది వెతకగల దారులు చిప్ తయారీలోనే చాలావరకు ఖాయమైపోతాయి. ఎక్స్265 అనే సాఫ్ట్‌వేర్ నెమ్మదైన ప్రీసెట్‌లో అంతకంటే ఎన్నో దారులు పరీక్షించి, అదే నాణ్యతను తక్కువ సైజులో ఇస్తుంది. మీకు గంటలు పడుతున్నది అందుకే.

2018 నాటి ఎన్విడియా ట్యూరింగ్ కార్డులతో ఈ తేడా చెరిగిపోయిందని కొందరంటారు. బాగా తగ్గిన మాట వాస్తవం, కానీ నెమ్మదైన ప్రీసెట్లదే ఇప్పటికీ పైచేయి. బిట్‌రేట్ పెంచితే సరిపోదా అంటే, నాణ్యత దక్కుతుంది గాని ఫైలు పెరుగుతుంది. మీరు మారుస్తున్నదే సైజు తగ్గించడానికి కదా! సైజు పెంచకపోతే, గింజలు ఒక్కసారిగా ఎగిరిపడే తలంబ్రాల దృశ్యంలో కార్డు నాణ్యతలోని లోటు ముందుగా బయటపడుతుంది. కార్డు వాడినా వేగం రాకపోతే డీకోడింగ్ (పాత వీడియోను విప్పి చదవడం) ఇంకా ప్రాసెసర్ మీదే జరుగుతోందేమో చూడండి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే మార్పిడి సాఫ్ట్‌వేర్‌లో దాన్నీ కార్డుకే అప్పగించి, ఫ్రేములను కార్డు మెమరీలోనే ఉంచవచ్చు.

బంధువుల ఫోన్లకు పంపే కాపీకి కార్డు చాలు. దాచుకునే కాపీని రాత్రంతా పట్టినా ఎక్స్265తోనే చేయండి. అసలు ఫైళ్లను మాత్రం దయచేసి చెరిపేయకండి.